జనాన్ని కూడగట్టే పని ఎలా నేర్చుకోవాలి: తిరుపతి, చిత్తూరు యువతకు

తిరుపతిలో ఒక కాలనీకి పది రోజులుగా నీళ్లు రాలేదనుకుందాం. మంచి మనసున్న ఒకాయన ట్యాంకర్ తెప్పిస్తాడు. పలుకుబడి ఉన్న ఇంకొకాయన ఇంజినీరుకు ఫోన్ చేస్తాడు. మూడో మనిషి ఈ రెండూ చేయడు. సాయంత్రం ఇంటింటికీ తిరిగి, "నీళ్లు లేక ఎట్లా గడుపుతున్నారక్కా?" అని అడుగుతాడు. నాలుగు రోజులకు ఇరవై మంది ఆడవాళ్లు ఒక ఇంటి ముందు కూర్చుంటారు. వారం తిరిగేసరికి వాళ్లలో ఐదుగురు అర్జీ పట్టుకుని కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్తారు. అక్కడ మాట్లాడేది వాళ్లే. మూడో మనిషి వెనక బెంచీ మీద కూర్చుని ఉంటాడు.

ఆ మూడో మనిషి పని నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉద్యోగ ప్రకటనల్లో ఈ పనిని కమ్యూనిటీ ఆర్గనైజర్ అంటారు. మన ఊళ్లలో "సంఘం సార్", "సంఘం మేడమ్" అనేస్తారు. నేను ఈ జిల్లాల్లో చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. కొత్తగా వచ్చే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "బాగా మాట్లాడటం ఎలా నేర్చుకోవాలి?" మాట్లాడటం తర్వాత సంగతి. ఎదుటివాళ్లు మాట్లాడేలా చేయడం, వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేలా చేయడం, ఆ తర్వాత మీరు పక్కకు తప్పుకోవడం. శిక్షణంతా దీనికోసమే.

ముందు ఒక చోటు ఎంచుకోండి, మూడు నెలలు నడవండి

ఒక కాలనీ, లేదా ఒక పంచాయతీ, లేదా ఒక కూరగాయల మార్కెట్. ఒక్కటే తీసుకోండి. మొదటిసారికి సొంత ఊరు వద్దు. అక్కడ మీరు ఫలానా వాళ్ల అబ్బాయి, ఫలానా వాళ్ల అమ్మాయి. మీ ఇంటిపేరు, మీ కులం మీకంటే ముందే ప్రతి గడపకూ చేరిపోయి ఉంటాయి. కొంత పని వచ్చాక సొంత ఊరికి వెళ్లొచ్చు.

ఎవరు ఏ వేళకు దొరుకుతారో తెలుసుకోవడమే మొదటి పాఠం. పారిశుద్ధ్య కార్మికులు తెల్లవారకముందే డ్యూటీకి పోతారు, మధ్యాహ్నం దాటాక ఇంట్లో దొరుకుతారు. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు వెళ్లే అమ్మాయిలతో మాట్లాడాలంటే కంపెనీ బస్సు ఆగే చోటికే వెళ్లాలి, అదీ వాళ్ల షిఫ్టు చూసుకుని. పలమనేరు వైపు టమాటా రైతు కోతల రోజుల్లో తెల్లవారుజామున మార్కెట్లో ఉంటాడు. మామిడి కాలంలో, అంటే జూన్, జూలైల్లో, చిత్తూరు చుట్టుపక్కల రైతును ఇంట్లో వెతకడం దండగ. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో ఉంటాడు, గంటల కొద్దీ ఖాళీగానే ఉంటాడు. అంత తీరిగ్గా ఆయన మళ్లీ ఏడాదికి గానీ దొరకడు. కూలికి పోయే ఆడవాళ్లయితే వంట అయ్యాక, రాత్రి ఏడున్నర దాటాకే.

నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు పని చేయాలనుకుంటే తమిళం కొంచెమైనా నేర్చుకోండి. కుప్పం వైపు తమిళంతో పాటు కన్నడం కూడా వినపడుతుంది. తప్పులతో మాట్లాడినా ఫర్వాలేదు. మీ తప్పు చూసి ఒక అవ్వ నవ్విందంటే ఆ ఇంట్లో మీకు చోటు దొరికినట్టే.

యానాదుల కాలనీలు చాలాచోట్ల ఊరికి దూరంగా, చెరువు పక్కనో వాగు పక్కనో ఉంటాయి. అక్కడికి మొదటిసారి వెళ్లగానే ఎవరూ మాట్లాడరు. రెండోసారీ మాట్లాడకపోవచ్చు. ఫైలు పట్టుకుని వచ్చినవాళ్లు ఇదివరకు చాలామంది వచ్చారు, రాసుకున్నారు, పోయారు. కుర్చీ తెచ్చి వేస్తే వద్దని నేల మీదే కూర్చోండి. ఇచ్చిన నీళ్లు తాగండి. ఆ రోజుకు అది చాలు.

అడగడం నేర్చుకోండి

ఈ పనిలో నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మొదటి ఏడాది చేతిలో సర్వే ఫారాలు పెట్టుకుని తిరిగాను. "మీ ఆదాయం ఎంత? మరుగుదొడ్డి ఉందా? పింఛను వస్తోందా?" నన్ను పంపిన సంస్థకు ఆ అంకెలు కావాలి. జనం నన్ను లోన్ ఇప్పించే మనిషి అనుకున్నారు. ఉన్న గేదెను లేదన్నారు, లేని అప్పు ఉందన్నారు. వాళ్ల తప్పేమీ లేదు. ఫారం చూపించి నేనే వాళ్లతో అలా చెప్పించాను. ఆ కాగితాల్లో నిజం తక్కువ. ఆ కాలనీలో నా మీద నమ్మకం కుదరడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇప్పుడు ఖాళీ చేతులతో వెళ్తాను. మీరూ అలాగే వెళ్లండి. ఒక మనిషితో అరగంట, ముప్పావు గంట. వారానికి ఐదుగురు చాలు. "మీ సమస్యలేంటి?" అని మాత్రం అడగకండి. ఆ మాట వినగానే రోడ్డు, లైటు, పింఛను అని అర్జీలో రాసినట్టు చెప్పేస్తారు. బతుకు గురించి అడగండి. ఈ వీధికి ఎప్పుడొచ్చారు? అప్పుడు ఇక్కడ ఏముండేది? పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? రాత్రి ఒంట్లో బాగోకపోతే ఎవరి తలుపు కొడతారు? ఇంతకు ముందు ఏదైనా పని కోసం అందరూ కలిసి వెళ్లారా, ఏమైంది?

చివరి రెండు ప్రశ్నల్లోనే విలువంతా ఉంది. రాత్రి ఎవరి తలుపు కొడతారో చెప్పారంటే ఆ వీధికి నిజమైన పెద్ద ఎవరో చెప్పినట్టు. కలిసి వెళ్లి ఓడిపోయిన కథ చెప్పారంటే, ఇప్పుడు ఎందుకు కదలడం లేదో చెప్పినట్టు. "పోయినాం సార్, ఒకాయన మా పేరు చెప్పి డబ్బు తిన్నాడు" అన్న మాట మీకు చాలా ఇళ్లలో వినిపిస్తుంది. దాన్ని ఖండించకండి. పూర్తిగా విని, అప్పుడు ఎలా చేసి ఉంటే బాగుండేదని అడగండి.

వాళ్ల ముందు రాసుకోవద్దు. బయటికొచ్చాక, ఆటో ఎక్కే ముందే, నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాయండి. పేరు, ఆ మనిషి గొంతు దేనికి పెరిగింది, దేని దగ్గర ఆగిపోయింది, మీరు ఏం మాట ఇచ్చారు. ఇచ్చిన మాటకు కింద గీత పెట్టండి. "రేపొస్తాను" అని మీరు వెళ్లకపోతే, అంతకు ముందు మాట్లాడిన గంటలన్నీ పోయినట్టే.

ఐదారుగురితో మాట్లాడాక ఎవరో ఒకరి ఇంట్లో ఆ ఐదారుగురినీ కూర్చోబెట్టండి. పెద్ద మీటింగ్ కంటే ముందు ఇది జరగాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫ్రెడ్ రాస్ అనే ఆర్గనైజర్ ఇలా ఇళ్లలో కూర్చోబెట్టే పద్ధతితోనే పేరు తెచ్చుకున్నాడు. 1952లో శాన్ హోసే ఊళ్లో అలాంటి సమావేశానికి తన ఇల్లు ఇచ్చిన సీజర్ చావెజ్, పదేళ్ల తర్వాత పొలం కూలీల సంఘాన్ని కట్టాడు. మన దగ్గర ఇది కొత్తేమీ కాదు. పొదుపు సంఘాలు మొదలైంది ఏదో ఒక అక్క ఇంటి అరుగు మీదే.

ఊరు నమ్మే మనిషిని గుర్తించండి

చిత్తూరు వైపు పల్లెల్లో భారతం జరపడం చూసే ఉంటారు. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం, మధ్యలో అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర్లో దుర్యోధన వధ, అగ్నిగుండం. ఎన్నో ఊళ్లు కలిసి చేసే ఆ పండగకు ఏ సంస్థా శిక్షణ ఇవ్వలేదు. రోజుకొక ఉభయదారుడు (ఆ రోజు ఖర్చు భరించేవాడు), ఇంటింటి చందా, నాటకం వాళ్లకు భోజనాలు, తపస్సు మాను కింద వేలమందికి తోపులాట లేకుండా దారి. ఇదంతా జనాన్ని కూడగట్టే పనే. ఊళ్లకు ఈ విద్య ఎప్పటినుంచో తెలుసు.

ఈసారి భారతం జరిగేటప్పుడు కథతో పాటు కమిటీని కూడా చూడండి. మైకు పట్టుకున్నవాళ్లను వదిలేయండి. చందా పుస్తకం ఎవరి దగ్గరుంది? రెండు వీధుల మధ్య మాట వస్తే ఎవరిని పిలుస్తున్నారు? వంట దగ్గర ఎవరు చెప్తే మిగతావాళ్లు వింటున్నారు? దళితవాడ నుంచి చందా తీసుకున్నారా, తీసుకుంటే కమిటీలో వాళ్లు ఉన్నారా? ఆడవాళ్లు ఎక్కడున్నారు? ఒక్క రాత్రిలో ఊరి లోగుట్టు చాలావరకు కనబడుతుంది. తిరుపతి నగరంలో ఉన్నవాళ్లు గంగజాతరలో ఏదో ఒక వీధిని ఇలాగే గమనించొచ్చు.

గట్టిగా మాట్లాడేవాళ్లు మీ దగ్గరికి తమంతట తామే వస్తారు. వాళ్లను దూరం పెట్టాల్సిన పనిలేదు. కానీ మీరు వెతకాల్సింది, ఒక మాట చెప్తే ఇంకో పదిమంది వచ్చే మనిషిని. నా అనుభవంలో ఆ మనిషి ఎక్కువసార్లు నలభై దాటిన ఆడమనిషి. తనను ఎవరూ నాయకురాలు అనలేదు, తనూ అనుకోలేదు.

చిన్న సమస్యతో మొదలుపెట్టండి

సమస్య ఎంచుకోవడంలో నాలుగు సంగతులు చూడాలి. చాలా ఇళ్లకు నొప్పి ఉండాలి. ఎవరి సంతకంతో తీరుతుందో పేరు పెట్టి చెప్పగలగాలి. రెండు మూడు నెలల్లో తేలాలి. కాలనీని రెండుగా చీల్చకూడదు.

2025లో తోతాపురి మామిడి ధర పడిపోయిన సంగతి తీసుకోండి. కిలోకు 12 రూపాయలు అందేలా, ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించారు. ధర మొత్తం ఒక పంచాయతీ రైతుల చేతిలో ఉండదు. అది జిల్లా రైతులందరూ కలిస్తే గానీ కదలని బండ. కొత్త సంఘం దానితో మొదలుపెడితే నెలలో చెదిరిపోతుంది. అదే గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర, టోకెన్లు ఏ వరుసలో ఇస్తున్నారో బోర్డు మీద రాయమని అడగొచ్చు. తూకం చీటీ అక్కడికక్కడే చేతికివ్వమని అడగొచ్చు. ఇరవై మంది రైతులు కలిసి నిలబడితే అడగగలిగినవి ఇవి. వీటిలో గెలిచిన ఇరవై మంది మరుసటి ఏడాది ధర గురించి మాట్లాడేటప్పుడు వేరే గొంతుతో మాట్లాడతారు.

పక్క జిల్లా నెల్లూరులోని దూబగుంట కథ ఈ పనిలోకి వచ్చే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. 1990ల మొదట్లో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలు దిద్దుతూ, సారా గురించిన పాఠం మీద మాట్లాడుకున్నారు. వాళ్లు అడిగింది రాష్ట్రమంతా నిషేధం కాదు, మా ఊళ్లో సారా అంగడి మూయండి అని. ఆ ఒక్క ఊరి మాట ఊరూరికీ పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. చట్టం నిలవలేదు గానీ, రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు ఆ ఆడవాళ్ల నుంచే పుట్టి నిలిచాయి. ఆ ఉద్యమం గురించి చదివేటప్పుడు రాత్రిబడి దగ్గర ఆగి ఆలోచించండి. వాళ్లు ముందు కూర్చున్నారు, మాట్లాడుకున్నారు, తర్వాతే కదిలారు.

కాగితం పని నేర్చుకోండి

ఇది విసుగు పుట్టించే భాగం. అయినా తప్పదు. ఆఫీసులో గుమాస్తా "రూల్ లేదమ్మా" అన్నప్పుడు "ఉంది సార్, ఇదిగో" అని సంఘం మనిషి చెప్పగలగాలి.

సమాచార హక్కు చట్టం 2005తో మొదలుపెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆపై 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. "మా రోడ్డు ఎందుకు వేయలేదు?" అని రాయకండి. "ఫలానా వీధి రోడ్డుకు మంజూరైన మొత్తం, పని కొలతల పుస్తకం నకలు, బిల్లు నకలు ఇవ్వండి" అని రాయండి. ఎందుకు అని అడిగితే జవాబు దాటేస్తారు. నకలు అడిగితే ఇవ్వక తప్పదు. మొదటి దరఖాస్తు మీరు రాసి చూపించండి. రెండోది వాళ్లతో రాయించండి.

ఈ చట్టం వెనక కథ కూడా సంఘానికి చెప్పండి. రాజస్థాన్‌లో 1990లో పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1994 చివర్లో ఊళ్లలో బహిరంగ విచారణలు మొదలుపెట్టి, పనుల లెక్కలు అందరూ వినేలా గట్టిగా చదివించారు. జరగని పనికి రాసిన డబ్బు జనం కళ్లముందే బయటపడింది.

తిరుపతిలో తోపుడుబండ్లవాళ్లతో పని చేస్తే 2014 వీధి వ్యాపారుల చట్టం దగ్గర పెట్టుకోండి. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న వ్యాపారులు ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఖాళీ చేయించే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. బండి మీద పూలు అమ్మే అక్క ఈ ముక్క చెప్పగలిగితే ఆమె నిలబడే తీరే మారిపోతుంది.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఒకసారి ఊరికే వెళ్లి కూర్చోండి. ఎవరు ఏ అర్జీతో వచ్చారో, ఎంతమంది ఒంటరిగా వచ్చారో చూడండి. అర్జీ ఇస్తే రసీదు తీసుకోవాలి, నంబరు సంఘం పుస్తకంలో ఎక్కాలి. పల్లెలో అయితే గ్రామసభ తేదీ ముందే కనుక్కుని, మీ వాళ్ల అంశం తీర్మానాల పుస్తకంలో రాసేదాకా కదలకుండా కూర్చునేలా చూడండి.

మీటింగ్

గంటకు మించొద్దు. గుండ్రంగా కూర్చోవాలి, వేదిక వద్దు, ముందు వరుస వద్దు. మాట్లాడే అంశాలు రెండే. ఒక్కొక్కరు ఒక్కో పని ఒప్పుకుని లేవాలి: ఎవరు, ఏ రోజుకు, ఎవరితో కలిసి. ఎప్పుడూ మాట్లాడని మనిషిని ముందు రోజే ఇంట్లో కలిసి, "రేపు ఈ ఒక్క మాట నువ్వు చెప్పమ్మా" అని అడగండి. రూపాయి వసూలైనా అదే మీటింగ్‌లో లెక్క చదవాలి. సంఘాలు కూలిపోయేది ఎక్కువగా డబ్బు దగ్గరే. డబ్బు మీరు ముట్టుకోకండి, ఒక్క పూటకైనా మీ జేబులో పెట్టుకోకండి.

ఆఫీసరును కలవబోయే ముందు రాత్రి ఒకసారి ఆడించి చూడండి. ఒకరు ఆఫీసరుగా కూర్చుంటారు, మిగతావాళ్లు అడుగుతారు. ఆ రాత్రి ఎంత నవ్వుకుంటే మరుసటి రోజు అంత టెన్షన్ తగ్గుతుంది.

చదువు, ఉద్యోగం

డిగ్రీ లేకుండా ఈ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, గొప్పగా చేసేవాళ్లూ ఉన్నారు. అయినా జీతం వచ్చే ఉద్యోగానికి ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్ పీజీ, ఉపయోగపడుతుంది. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ పీజీ ఉంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జనాభా అధ్యయనాలు, సోషల్ వర్క్ కలిసిన విభాగం ఉంది. రెండిటికీ ఏపీ పీజీసెట్ రాయాలి. చేరాక ఫీల్డ్ వర్క్‌ను సంతకాల కోసం చేయకండి. ఆ రోజుల్లో ఒకే కాలనీకి రెండేళ్లు వెళ్లగలిగితే, మీ డిగ్రీలో అంతకంటే విలువైన భాగం ఇంకోటి ఉండదు.

ఉద్యోగాలు చూస్తే, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మాలో ఈ పోస్టు పేరే కమ్యూనిటీ ఆర్గనైజర్. పల్లెల్లో పేదరిక నిర్మూలన పథకం వెలుగు కింద కమ్యూనిటీ కోఆర్డినేటర్లు ఉన్నారు. 2000లో వెలుగు మొదలైన ఆరు జిల్లాల్లో ఉమ్మడి చిత్తూరు ఒకటి కాబట్టి, గ్రామ సంఘం, మండల సమాఖ్య నడిపిన పాతకాపులు మన చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుంటే ఏ క్లాసులోనూ దొరకని పాఠాలు దొరుకుతాయి. స్వచ్ఛంద సంస్థల్లో తిరుపతిలోని రాష్ట్రీయ సేవా సమితి పాతది. ఊరి ఉమ్మడి భూములు, కుంటల మీద ఆసక్తి ఉంటే మదనపల్లె వైపు ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ పని చూడండి. డిగ్రీ అయిపోయి ఏడాది పల్లెలో గడపాలనుకుంటే ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ ఉంది, 13 నెలలు. కార్మిక సంఘాలు కూడా ఈ పని నేర్పే బళ్లే.

ప్రభుత్వ పథకం కింద చేసే ఉద్యోగంలో టార్గెట్లు ఉంటాయి, ఇన్ని లోన్లు, ఇన్ని సంఘాలు అని. అవి చేస్తూనే సాయంత్రం ఒక గంట అసలు పనికి మిగుల్చుకోవాలి. మిగుల్చుకోకపోతే ఐదేళ్లకు మీరు లోను వసూలు మనిషి అయిపోతారు. అలా అయిపోయిన మంచివాళ్లను చూసి నాకు చాలా బాధేసింది.

సంస్థలో చేరేముందు వాళ్ల పాత కాలనీకి ఒకసారి వెళ్లి చూడండి. సంస్థ మనిషి లేకుండా అక్కడ సంఘం ఇంకా కూర్చుంటోందా? బ్యాంకు ఖాతా మీద సంతకాలు ఎవరివి? ఈ రెండు ప్రశ్నలకు దొరికే జవాబును బట్టి చేరండి.

ఇల్లు, భద్రత

జీతం మొదట్లో తక్కువ, రాత్రులు ఆలస్యమవుతాయి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, ఒకసారి వాళ్లను ఆ కాలనీకి తీసుకెళ్లి పరిచయం చేయండి. అమ్మాయిలు రాత్రి మీటింగులకు ఇద్దరుగా వెళ్లాలి, తిరిగి వచ్చే దారి ముందే అనుకోవాలి. ఊరేగింపు అనుకుంటే పోలీస్ యాక్ట్ 30 (అనుమతి లేకుండా ఊరేగింపులు చేయకూడదనే సెక్షన్) అమల్లో ఉందేమో స్టేషన్‌లో కనుక్కుని, అనుమతి రాతపూర్వకంగా అడగండి. ఎన్నికలప్పుడు అన్ని పార్టీలవాళ్లూ మీ దగ్గరికి వస్తారు. ఎవరి బండీ ఎక్కకండి, ఎవరి కండువా వేసుకోకండి. సంఘంలో అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు.

తప్పుకోవడం

ఏడాది గడిచాక సంఘం మినిట్స్ పుస్తకం ఒకసారి అడిగి తీసుకోండి. మొదటి పేజీ నుంచి తిరగేయండి. మొదట్లో అంతా మీ చేతిరాతే ఉంటుంది. మధ్యలో వంకర అక్షరాలు మొదలవ్వాలి, కొన్ని పేజీల్లో రెండు మూడు రకాల రాతలు కనబడాలి. చివరి పది పేజీల్లో మీ రాత ఇంకా ఉంటే మరో ఆరు నెలలు అక్కడే ఉండి, పెన్ను ఇంకొకరికి ఇవ్వండి. లేకపోతే పుస్తకం తిరిగి ఇచ్చేసి, పక్క కాలనీలో ఎవరు ఏ వేళకు దొరుకుతారో కనుక్కోవడానికి బయలుదేరండి.